రాయబారి బల్ల మీది కాగితాలు



1661 సెప్టెంబరు 30న లండన్ నడివీధిలో ఒక చిన్న యుద్ధం జరిగింది. ఆ రోజు స్వీడన్ నుంచి కొత్త రాయబారి వస్తున్నాడు. ఆయన్ను తీసుకొచ్చే రాజుగారి బండి వెనక మొదట ఎవరి బండి నడవాలి? ఫ్రాన్సు రాయబారిదా, స్పెయిన్ రాయబారిదా? తగాదా ఇంతే. రెండు పక్షాలూ ఆయుధాలు పట్టిన మనుషుల్ని వెంటేసుకొచ్చాయి. స్పెయిన్ వాళ్లు రెండాకులు ఎక్కువే చదివారు. తమ గుర్రాల పట్టీలను ఎవరూ కోయలేకుండా ముందే ఇనుప గొలుసులు పెట్టించి తెచ్చారు. ఫ్రాన్సు గుర్రాలు కూలాయి, మనుషులు చచ్చారు, స్పెయిన్ బండి ముందు నడిచింది. కబురు చేరగానే ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ యుద్ధానికైనా సిద్ధమన్నాడు. చివరికి స్పెయిన్ దిగిరాక తప్పలేదు.

ఈ జబ్బుకు మందు దొరకడానికి నూటయాభై ఏళ్లు పట్టింది. 1815లో ఐరోపా దేశాలవాళ్లు వియన్నాలో కూర్చుని ఒక సూత్రం రాసుకున్నారు. ఏ దేశం పెద్దది, ఏ రాజు గొప్ప అన్న లెక్క వద్దు, ఆ రాజధానికి ఎవరు ముందు వస్తే వారే ముందు అన్నారు. ఈనాటికీ అదే నడుస్తోంది. ఢిల్లీకి అమెరికా రాయబారి కొత్తగా వచ్చాడనుకోండి. అంతకు ఏడాది ముందే మన రాష్ట్రపతికి నియామక పత్రాలు ఇచ్చిన ఒక చిన్న ద్వీపదేశం రాయబారి, వరసలో ఆయనకన్నా ముందే నిలబడతాడు.

రాయబారి అనగానే మన కళ్లకు కనిపించేది ఇప్పటికీ ఆ బండే. కాకపోతే గుర్రాలు పోయి, జెండా కట్టిన నల్లకారు వచ్చింది. కారు దిగాక ఆ మనిషి చేసే పనేమిటన్నది మాత్రం బయటికి పెద్దగా తెలియదు. పరాయి దేశంలో ఆయనకు సైన్యం లేదు, పోలీసు లేదు, ఎవరినీ ఆజ్ఞాపించే అధికారం లేదు. చేతిలో ఉన్నవి రెండే. ఒకటి, తన ప్రభుత్వానికి రాసి పంపే మాట. రెండోది, తన దేశపు మనిషికి రాసిచ్చే కాగితం. ఈ పూట ఆ రెండింటి గురించి మాట్లాడుకుందాం. ముందు కాగితం.

మన ఊళ్ల నుంచి చూస్తే ఎంబసీ అంటే రాజకీయం కాదు, ఒక కిటికీ, దాని ముందు క్యూ. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి మగవాళ్లు కూలీలుగా, మేస్త్రీలుగా, డ్రైవర్లుగా గల్ఫ్‌కు పోతారు. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి చాలామంది ఆడవాళ్లు కువైట్ ఇళ్లలో పనికి వెళతారు. అక్కడ పనిచ్చే యజమాని కఫీల్. ఉండడానికి అనుమతి అతని పేరు మీదే వస్తుంది. చట్టం ఒప్పుకోకపోయినా చాలాచోట్ల పాస్‌పోర్టు కూడా అతని బీరువాలోనే ఉంటుంది. జీతం ఇవ్వడం లేదనో, కొడుతున్నారనో బయటికి వచ్చేస్తే ఆ క్షణం నుంచి ఆ మనిషికి కాగితం లేదు. అలా కాగితాల్లేకుండా ఎక్కడో ఒకచోట పని చూసుకుని బతికేవాళ్లను గల్ఫ్‌లో మనవాళ్లు ఖల్లివల్లి అంటారు.

ఖల్లివల్లి అయిన మనిషి ఇంటికి రావాలంటే ఎంబసీ ఇచ్చే తాత్కాలిక ప్రయాణపత్రం కావాలి. అదే అవుట్‌పాస్. 2018లో కువైట్ ప్రకటించినట్టు ఏ దేశమైనా ఆమ్నెస్టీ ప్రకటిస్తే ఆ కొద్ది వారాలూ ఎంబసీకి ఊపిరాడదు. వచ్చిన ప్రతి మనిషీ భారతీయుడే అని ముందు తేల్చుకోవాలి. చేతిలో పాత పాస్‌పోర్టు జిరాక్సు ఉంటే త్వరగా తేలే పని అది. అదీ లేకపోతే పేరు, ఊరు, తండ్రి పేరు రాసి ఇండియాకు పంపాలి, ఇక్కడి పోలీసులు ఇంటికి వెళ్లి విచారించాలి, జవాబు తిరిగి చేరాలి. ఆమ్నెస్టీ గడువు మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

ఇంకో రకం కాగితం ఉంది. చెప్పడానికే కష్టంగా ఉంటుంది. సౌదీలో పనిచేస్తున్న మనిషి రాత్రి గదిలో పడుకుని తెల్లారి లేవలేదనుకుందాం. గల్ఫ్ పల్లెల్లో ఇది వినని ఇల్లు తక్కువ. ఆస్పత్రి మరణ ధ్రువపత్రం ఇవ్వాలి. పోలీసులు తమ నివేదిక ఇవ్వాలి. కఫీల్ సంతకం పెట్టాలి. రావలసిన జీతం, ఇతర బకాయిలు తేలాలి. శవాన్ని ఇంటికి పంపాలా, అక్కడే ఖననం చేయాలా అన్నది ఇంటివాళ్లు రాసివ్వాలి. ఎంబసీ పాస్‌పోర్టును రద్దుచేసి, అభ్యంతరం లేదని పత్రం ఇవ్వాలి. శవం చెడిపోకుండా మందులు ఎక్కించాలి. అప్పుడు విమానంలో కార్గోగా శంషాబాద్. అక్కడి కాగితాలు అరబిక్‌లో ఉంటాయి, ఊళ్లో భార్య రాసిచ్చే కాగితం తెలుగులో ఉంటుంది. నడుమ ఎంబసీలో కూర్చున్న ఒక వైస్ కాన్సల్ ఈ రెండు కొసలూ ముడివేయాలి. ఒక్క సంతకం తగ్గితే మార్చురీలో ఇంకో వారం. ఈ సంగతి ఏ పత్రికలోనూ దౌత్య వార్తగా రాదు. నన్నడిగితే, శిఖరాగ్ర సమావేశంలో ఫొటో దిగడం కన్నా ఇదే పెద్ద పని.

ఖర్చు పెట్టుకోవలసింది మామూలుగా యజమాని. అతను చేతులెత్తేస్తే, బాధిత కుటుంబానికి దిక్కులేకపోతే, 2009లో ఏర్పడ్డ భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి ఎంబసీ ఖర్చు పెట్టవచ్చు. పారిపోయి వచ్చిన ఆడవాళ్లకు నీడ కల్పించడానికి, టికెట్టు కొనడానికి, లాయరును పెట్టడానికి కూడా ఆ నిధే ఆధారం. 2015లో వచ్చిన మదద్ అనే పోర్టల్‌లో ఇంటి దగ్గర నుంచే ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

ఎంబసీ చేయలేనివి కూడా తెలుసుకోవాలి. జైల్లో ఉన్నవాడిని అది విడిపించలేదు. అక్కడి కోర్టు తీర్పు మార్చలేదు. చేయగలిగిందల్లా వెళ్లి కలవడం, లాయరు దొరికేలా చూడడం, విచారణ మీద కన్నేసి ఉంచడం. ఆ మాత్రం కలిసే హక్కుకు కూడా 1963 నాటి వియన్నా ఒప్పందం అండ కావాలి. పాకిస్తాన్ కులభూషణ్ జాదవ్‌ను కలవనివ్వకపోతే మన దేశం అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. ఆ ఒప్పందంలోని 36వ అధికరణాన్ని పాకిస్తాన్ ఉల్లంఘించిందని 2019 జులై 17న తీర్పు వచ్చింది.

కాబట్టి మీ ఇంట్లోంచి ఎవరైనా గల్ఫ్‌కు బయల్దేరుతుంటే ఒక మాట. విజిట్ వీసా మీద పంపి, అక్కడికి వెళ్లాక పని వీసాగా మార్పిస్తానన్న ఏజెంటును నమ్మకండి. ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలో అడగండి. పద్ధతి ప్రకారం పోయే కార్మికుడికి ప్రమాదంలో మరణిస్తే 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది, విజిట్ వీసా మీద పోయినవాడికి అది దొరకదు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందపత్రం జిరాక్సులు ఇంట్లో ఒక సెట్టు ఉంచుకోండి.

కిటికీకి అవతలి వైపు కూడా ఇదే ఉద్యోగం. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలై, 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది. వీసా ఇంటర్వ్యూ రోజున మనవాళ్లు చిలుకూరు బాలాజీకి మొక్కుకుని వెళ్లి అద్దం ముందు నిలబడతారు. అద్దం వెనక ఉన్నది చాలాసార్లు ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్ర అధికారి. అమెరికా విదేశాంగ సేవలో చేరినవాళ్లు తొలి ఏళ్లలో కాన్సులర్ పని చేసి తీరాలి. కొద్ది నిమిషాల్లో ఎదుటి మనిషిని అంచనా వేయాలి. తిరిగి స్వదేశానికి వస్తాడన్న నమ్మకం కుదరకపోతే నిరాకరించాలని వాళ్ల చట్టమే చెబుతుంది. మన పిల్లలు 214 బి అని దిగులుగా చెప్పుకునేది ఆ సెక్షనునే.

ఆ ముద్ర వేసే చేతికి ఎంత బలం ఉంటుందో చూడాలంటే 1940 వేసవిలో లిథువేనియాకు వెళ్లాలి. కౌనస్ నగరంలో జపాన్ కాన్సులేట్ గేటు ముందు యూదు శరణార్థులు గుమిగూడారు. జపాన్ మీదుగా దాటిపోవడానికి వీసా ఇస్తే ప్రాణాలు దక్కుతాయి. అక్కడి వైస్ కాన్సల్ చియునె సుగిహారా టోక్యోకు తంతులు పంపాడు. షరతులు తీరనివారికి ఇవ్వవద్దని జవాబు వచ్చింది. ఆయన ఇచ్చాడు. కాన్సులేట్ మూసేదాకా చేత్తో రాస్తూ రెండు వేలకు పైగా వీసాలు ఇచ్చాడు. ఒక్కో వీసా మీద కొన్నిసార్లు కుటుంబం మొత్తం దాటింది.

ఇక ఈ మనుషులకు ఉండే రక్షణ సంగతి. దౌత్యాధికారిని అరెస్టు చేయకూడదు, ఎంబసీలోకి ఆ దేశపు పోలీసులు అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు, దౌత్య సంచిని తెరవకూడదు. 1961 నాటి వియన్నా ఒప్పందం ఇది. వినడానికి బాగుంటుంది. ఆచరణలో ఎలా ఉంటుందో తెలియాలంటే బ్రిటన్‌లో 1984 అనే ఒక్క సంవత్సరం చూస్తే చాలు.

ఆ ఫిబ్రవరి 3న బర్మింగ్‌హామ్‌లోని భారత దౌత్య కార్యాలయంలో పనిచేసే రవీంద్ర మాత్రే బస్సు దిగి ఇంటికి నడుస్తున్నాడు. చేతిలో కూతురి పుట్టినరోజు కేకు. తీహార్ జైల్లో ఉన్న తమ నాయకుడు మక్బూల్ భట్‌ను విడిపించుకోవాలని కశ్మీర్ వేర్పాటువాదులు ఆయన్ను ఎత్తుకుపోయి చంపేశారు. నెల కూడా తిరగకుండానే భట్‌కు ఉరి పడింది. పుణేలో ఒక వంతెనకు మాత్రే పేరు పెట్టారు. దాని మీద రోజూ తిరిగేవాళ్లలో ఆ పేరు ఎవరిదో ఎందరికి తెలుసో!

ఏప్రిల్ 17న లండన్‌లో లిబియా ఎంబసీ కిటికీ నుంచి తూటాలు వచ్చాయి. బయట ప్రదర్శన దగ్గర కాపలా ఉన్న ఒక మహిళా పోలీసు చనిపోయింది. 11 రోజులు ముట్టడించినా బ్రిటిష్ పోలీసులు లోపలికి వెళ్లలేదు. చివరికి లోపలున్నవాళ్లందరినీ విమానం ఎక్కించి పంపేశారు. చట్టం అంతే మరి. ఈ రోజు లిబియా గుమ్మం దాటితే రేపు ట్రిపోలీలో తమ వాళ్లకు గుమ్మం ఉండదని బ్రిటన్‌కు తెలుసు.

జులై 5న స్టాన్‌స్టెడ్ విమానాశ్రయంలో నైజీరియాకు వెళ్లే రెండు పెద్ద చెక్కపెట్టెలు కనిపించాయి. దౌత్య సామాను అన్నారు. దౌత్య సంచికి ఉండవలసిన గుర్తులు, పత్రాలు మాత్రం సరిగా లేవు. కస్టమ్స్ వాళ్లు తెరిచి చూస్తే నైజీరియా మాజీ మంత్రి ఉమారు డిక్కో మత్తులో పడి ఉన్నాడు. పక్కనే ఆయన ఊపిరి చూసుకుంటూ ఒక మత్తు డాక్టరు! కాగితాలు సరిగ్గా అంటించి ఉంటే ఆయన లాగోస్ చేరేవాడే.

రక్షణ కాగితం మీద ఎంత ఉన్నా బాంబు దాన్ని చదవదు. 2008 జులై 7 ఉదయం కాబూల్‌లో మన ఎంబసీ గేటు దగ్గర కారు బాంబు పేలినప్పుడు, లోపలికి వెళుతున్న కారులో ఉన్న వి. వెంకటేశ్వరరావు చనిపోయారు. ఆయన తెలుగువారు, విదేశాంగ సేవ అధికారి. బ్రిగేడియర్ రవిదత్ మెహతా, కాపలా జవాన్లు, వీసాల కోసం వచ్చిన ఎందరో అఫ్గాన్లు ఆ పేలుడులోనే పోయారు.

మన విదేశాంగ సేవ 1946 అక్టోబరు 9న పుట్టింది. ఇన్నేళ్లకీ అధికారులు వెయ్యి మంది, అటూ ఇటూగా. విదేశాల్లో ఉన్న కార్యాలయాలేమో దాదాపు 200. పెద్ద రాజధానుల్లో వాణిజ్యానికొకరు, రక్షణకొకరు, సంస్కృతికొకరు ఉంటారు గానీ, చిన్న దేశాల్లో ఇద్దరు ముగ్గురే అన్నీ మోయాలి. మూడేళ్లకోసారి సామాను సర్దుకోవాలి, పిల్లలు బడి మారాలి, జీవితభాగస్వామి ఉద్యోగం మానుకోవాలి. ఆడవాళ్లకైతే మొదట్లో పెళ్లే నిషేధం లాంటిది. 1949లో చేరిన మొదటి మహిళ సి.బి. ముత్తమ్మ. పెళ్లి చేసుకుంటే రాజీనామా చేస్తానని ముందే రాసివ్వాలి అప్పట్లో. పై పదోన్నతి తనకు ఇవ్వకపోవడంతో ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లింది. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం పదోన్నతి ఇచ్చేసింది. అయినా 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనలను గట్టిగానే దులిపారు.

పని ఎంత చిత్రంగా ఉంటుందో చెప్పడానికి ఒక పిట్టకథ. పురుగుల భయంతో అమెరికా మన మామిడిపండ్లను 18 ఏళ్లు రానివ్వలేదు. 2007లో గానీ తలుపు తెరవలేదు. దాని వెనక ఏళ్ల తరబడి చర్చలు, పండ్లను కిరణాలతో శుద్ధి చేసే ఏర్పాటు, మారుగా అమెరికా హార్లీ డేవిడ్‌సన్ మోటారు సైకిళ్లు మన దేశంలోకి రావడానికి ఒప్పుకోలు ఉన్నాయి. అణు ఒప్పందం గురించి మాట్లాడిన రోజుల్లోనే పండు ఈగల గురించి కూడా మాట్లాడారు.

ఇప్పుడు మాట సంగతికి వద్దాం. 2022 ఫిబ్రవరి 15న ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మన ఎంబసీ ఒక ప్రకటన ఇచ్చింది. ఉండి తీరవలసిన అవసరం లేనివారు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా వెళ్లిపోవడం ఆలోచించండి అని. సరిగ్గా తొమ్మిది రోజులకు రష్యాతో యుద్ధం మొదలైంది. ఆ ప్రకటన ఇంకా గట్టిగా ఉండాల్సిందని తరవాత చాలామంది అన్నారు. కాలేజీలేమో క్లాసులు నడుపుతున్నాయి, టికెట్లు మండిపోతున్నాయి, మన తెలుగు పిల్లలతో సహా వేలమంది ఉండిపోయారు. ముందే గట్టిగా అరిస్తే ఆతిథ్యమిచ్చిన దేశం నొచ్చుకుంటుంది, జనం హడలిపోతారు. మెల్లగా చెబితే ఎవరికీ వినపడదు. తరవాత వాళ్లను వెనక్కి తెచ్చే ఆపరేషన్ గంగలో 90 విమానాల్లో సుమారు 22,500 మందిని తెచ్చారు. సుమీలో చిక్కిన వందల మంది విద్యార్థులను బస్సుల్లో పొల్టావాకు చేర్చడానికి మాస్కోతోనూ కీవ్‌తోనూ ఒకేసారి మాట్లాడి, ఆ కొన్ని గంటలు తుపాకులు ఆపించాల్సి వచ్చింది.

1990లో కువైట్ నుంచి తరలింపు అంతకన్నా పెద్దది. ఇరాక్ అధ్యక్షుడు సద్దాం సేనలు అక్కడ ఆగస్టు 2న దిగాయి. మనవాళ్లు లక్షా డెబ్భై వేలకు పైగా. బస్సుల్లో ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరుకుంటే, అక్కడి నుంచి ఎయిరిండియా 488 విమాన ప్రయాణాల్లో ఇంటికి చేర్చింది. అప్పటి విదేశాంగ మంత్రి గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాంను కౌగిలించుకున్నారని ఎన్ని మాటలు పడ్డారో! ఆ కౌగిలి లేకపోతే బస్సులు కదిలేవి కావని నా అభిప్రాయం. దీని మీద 2016లో వచ్చిన ఎయిర్‌లిఫ్ట్ సినిమాలో దౌత్యవర్గం నిద్రపోతున్నట్టు చూపించారు. ఆ రోజుల్లో పనిచేసినవాళ్లకు కోపం వచ్చిందంటే రాదా మరి?

రాయబారి మాటను జనం వినకపోవడం ఒక ఎత్తు, ప్రభుత్వాలు వినకపోవడం ఇంకో ఎత్తు. 1971 ఏప్రిల్ 6న ఢాకాలోని అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ తన సహోద్యోగుల నిరసనను వాషింగ్టన్‌కు తంతిగా పంపాడు. తూర్పు బెంగాల్‌లో జరుగుతున్న మారణకాండ మీద తమ ప్రభుత్వం నోరు మూసుకోవడం తప్పని అందులో ఉంది. అధ్యక్షుడు నిక్సన్‌కు, ఆయన సలహాదారు కిసింజర్‌కు అది రుచించలేదు. బ్లడ్‌ను వెనక్కి పిలిచారు.

దానికి ఇరవై ఏళ్ల ముందు ఇంకా ఖరీదైన మాట ఒకటి గాలికి పోయింది. 1950 అక్టోబరు 2 అర్ధరాత్రి దాటాక, బీజింగ్‌లో మన రాయబారి కె.ఎం. పణిక్కర్‌ను నిద్రలేపి ప్రధాని చౌ ఎన్ లై దగ్గరకు రమ్మన్నారు. కొరియాలో అమెరికా సేనలు 38వ అక్షాంశం దాటితే చైనా యుద్ధంలోకి దిగుతుందని చౌ చెప్పాడు. చైనాకూ అమెరికాకూ మధ్య అప్పుడు మాటల్లేవు. పణిక్కర్ ఢిల్లీకి రాశాడు, ఢిల్లీ నుంచి అది వాషింగ్టన్ చేరింది. పణిక్కర్ చైనావైపు మొగ్గేవాడని అక్కడ ముందే ఒక ముద్ర. బెదిరింపు అని కొట్టిపారేశారు. అమెరికా సేనలు దాటాయి. అదే నెల 19న చైనా సైన్యం యాలూ నది దాటింది. యుద్ధం 1953 జులై దాకా సాగింది.

యుద్ధం ఆగాక ఖైదీల పంచాయితీ వచ్చింది. తమ దేశాలకు తిరిగి వెళ్లం అన్నవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లను ఎవరి కాపలాలో ఉంచాలి? రెండు పక్షాలూ ఒప్పుకున్న పేరు భారత్. జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడుగా తటస్థ దేశాల కమిషన్ వెళ్లింది. పని ముగిశాక చూస్తే ఉత్తరానికీ పోము, దక్షిణానికీ పోము, చైనాకూ పోము, తైవాన్‌కూ పోము అన్నవాళ్లు 88 మంది మిగిలారు. 1954లో వాళ్లను మన సైన్యంతోపాటే ఓడలో మద్రాసుకు తెచ్చారు. వాళ్లకు దేశం వెతికే పని మన విదేశాంగ శాఖ మీద పడింది. లాటిన్ అమెరికా దేశాలకు ఉత్తరాలు వెళ్లాయి, జవాబుల కోసం ఎదురుచూపులు సాగాయి. ఎక్కువమందికి 1956లో బ్రెజిల్ చోటిచ్చింది, కొందరు అర్జెంటీనా వెళ్లారు. కొద్దిమంది ఇక్కడే, ఢిల్లీలో, కోళ్ల ఫారాలూ చిన్న వ్యాపారాలూ పెట్టుకుని స్థిరపడిపోయారు.